నోరు విప్పాలా, ఊరుకోవాలా? హాకీ ఆటగాళ్లు నడిచిన దారుల్లో మీకు ఏది సరిపోతుంది

పోయిన చలికాలం ఒక శనివారం, పొద్దున్న ఆరున్నరకి, ఐస్ హాకీ రింక్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి మా వాడి స్కేట్ల లేసులు బిగిస్తున్నాను. వాడికి పదమూడేళ్లు. అంతకు రెండు రోజుల ముందు ప్రాక్టీస్‌లో బోర్డులకి, అంటే రింక్ చుట్టూ ఉండే గోడకి, గుద్దుకుని పడ్డాడు, అప్పట్నుంచి తల బరువుగా ఉందని, లైటు చూస్తే ఇబ్బందిగా ఉందని ఇంట్లో అంటూనే ఉన్నాడు. కోచ్‌కి చెప్పావా నాన్నా అని అడిగితే నా వైపు చూడకుండా, స్టిక్‌కి చుట్టిన తెల్ల టేపు అంచు గోటితో పీకుతూ, "చెప్తే కూర్చోబెట్టేస్తాడు, నా లైన్‌లో వేరేవాణ్ణి వేస్తాడు, మళ్లీ నా ప్లేస్ నాకు రాదు" అన్నాడు. నేనే వెళ్లి చెప్పాను. ఆయన భుజం తట్టి, చిన్నదే, మంచు మీదకి దిగితే సర్దుకుంటుంది అన్నాడు. లేసులు విప్పేసి పిల్లాణ్ణి కారెక్కించాను. డాక్టర్ చూసి కంకషన్, అంటే తలదెబ్బకి మెదడు అదిరిందని తేల్చారు, మూడు వారాలు ఆట బంద్. తిరిగి వెళ్లాక వాడు భయపడినట్టే అయింది, సీజన్ అయిపోయేదాకా నాలుగో లైన్, అంటే మంచు మీదకి అందరికంటే తక్కువసేపు దిగే గుంపు.

ఆ మూడు వారాలూ రాత్రిళ్లు నేను చదివింది ఒకటే, ఈ ఆటలో నోరు విప్పినవాళ్లకి చివరికి ఏమైంది అని. మనకి హాకీ అంటే ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం. మేముండే న్యూజెర్సీలో హాకీ అంటే మంచు, బోర్డులు, లాకర్ రూమ్. ఆ లాకర్ రూమ్‌లో మొదట నేర్పే పాఠం టీమ్ కంటే ఎవరూ పెద్ద కాదని, లోపలి మాట బయటికి పోకూడదని. అందుకే ఇక్కడి అన్నిటికంటే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ల ఇంటర్వ్యూలు పది వింటే పదీ ఒకేలా ఉంటాయి, ఒక్కో షిఫ్ట్ ఆడుకుంటూ పోతాం, టీమ్ బాగా ఆడింది, అంతే. ఆ గోడ దాటి మాట్లాడినవాళ్లు తక్కువమంది, ఆ కొద్దిమందీ ఒకే దారిలో వెళ్లలేదు. మీరు ఆటగాడైనా, ఆటగాడి తల్లో తండ్రో అయినా, చెప్పాల్సింది గొంతులో ఆగిపోయి ఉంటే, ఈ దారుల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు, మీ పక్కన ఎవరున్నారు. అంటే మిమ్మల్ని మెచ్చుకునేవాళ్ల లెక్క కాదు, మిమ్మల్ని తీసేసి ఆ చోటుకి రమ్మని పిలిస్తే "మేం రాం" అనేవాళ్ల లెక్క. నేను చదివిన కథలన్నిటిలో గెలుపోటములు దాదాపు ఇక్కడే తేలాయి. ధైర్యం ఓడినవాళ్లకీ ఉంది.

రెండోది, ఇక్కడ తలుపు మూసేస్తే వెళ్లడానికి ఇంకో తలుపు ఉందా. 1957లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆరు టీములే, ఆ ఆరుగురు యజమానులూ ఒకటైతే ఆటగాడికి పోవడానికి చోటు లేదు. ఇప్పుడు 32 టీములు, పైన యూరప్ లీగులు. మూడోది, ఆ మాట ఎవరికోసం: మీ ఒంటికోసమా, తోటివాళ్ల డబ్బుకోసమా, వెనకాల వచ్చే పిల్లలకోసమా, లేక ఒకణ్ణి గుచ్చడానికా. ఇక సమయం, చేతిలో ఆధారం సంగతి చెప్పక్కర్లేదు, టోర్నమెంట్‌కి రెండు వారాల ముందు అన్న మాటకీ, అయిపోయిన రెండు వారాలకి అన్న మాటకీ బరువులో చాలా తేడా ఉంటుంది.

మొదటి దారి: ఒంటరిగా, ముఖం మీదే

పి.కె. సుబ్బన్‌ని తీసుకోండి. మాంట్రియల్ డిఫెన్స్‌మన్, 2013లో నోరిస్ ట్రోఫీ గెలిచాడు, అంటే ఆ సీజన్‌కి లీగ్‌లో అందరికంటే మేటి డిఫెన్స్‌మన్ అన్నమాట. మాట, నవ్వు, బట్టలు, గోల్ కొట్టాక సంబరం, ఏదీ దాచుకునే రకం కాదు. 2015 సెప్టెంబర్‌లో ఆ ఊరి పిల్లల ఆసుపత్రికి ఏడేళ్లలో కోటి డాలర్లు సమకూరుస్తానని మాటిచ్చాడు. ఊరు ఊరంతా నెత్తిన పెట్టుకుంది. ఏడాది తిరక్కుండా, 2016 జూన్ 29న, నాష్‌విల్‌కి ట్రేడ్ చేసేశారు, అంటే ఆ టీమ్‌కి మార్చేశారు. అతని కాంట్రాక్ట్‌లో అతని ఒప్పుకోలు లేకుండా కదపకూడదన్న షరతు జులై 1 నుంచి అమల్లోకి రావాలి, సరిగ్గా రెండు రోజుల ముందు పంపేశారు. ఆట కోసమే చేశామన్నారు క్లబ్ వాళ్లు, మనిషి తీరు నచ్చకే అన్నారు చాలామంది అభిమానులు. తర్వాతి ఏడాదే నాష్‌విల్ మొట్టమొదటిసారి స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్, ఫైనల్ ఆడింది, సుబ్బన్ ఆ జట్టులో ఉన్నాడు. అంటే ఒంటరిగా మాట్లాడేవాడికి ఆట అంత గట్టిగా ఉండాలి, ఇక్కడ వద్దంటే అక్కడ రెండు చేతులా తీసుకునేంత.

ఇదే దారిలో షాన్ ఏవరీ కూడా ఉన్నాడు, అతన్ని చూశాకే నాకు తేడా తెలిసింది. 2008 డిసెంబర్‌లో, డాలస్‌కి ఆడుతున్నప్పుడు, కాల్గరీలో కెమెరాల ముందుకి కావాలని వచ్చి, తన మాజీ ప్రేయసుల గురించి, వాళ్లతో ప్రేమలో పడ్డ ఆటగాళ్ల గురించి నీచంగా మాట్లాడాడు. ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, కానీ అసలు దెబ్బ అది కాదు, సొంత టీమే ఇతను మాకు వద్దంది, మళ్లీ డాలస్ జెర్సీ వేసుకోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మనవాళ్లు ఊరికే అనలేదు. అదే ఏవరీ 2011లో న్యూయార్క్‌లో స్వలింగ వివాహాల చట్టం కోసం ముందుకొచ్చి, ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు అరుదుగా సాహసించే రోజుల్లో, బాహాటంగా మద్దతు పలికాడు. అదే మనిషి, అదే గొంతు, ఒకసారి ఆ మాట ఇంకొకరికి పనికొచ్చింది, ఒకసారి ఎవరికీ పనికిరాలేదు. ముక్కుసూటితనం అనే పేరు రెండింటికీ అతికించడం నాకు నచ్చదు.

రెండో దారి: పదిమందినీ కూడగట్టుకుని

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా మనసు ఈ దారి మీదే ఉంది.

టెడ్ లిండ్సే డెట్రాయిట్ కెప్టెన్‌గా చేసినవాడు, గార్డీ హౌ పక్కన ఆడినవాడు. 1957 ఫిబ్రవరిలో, మాంట్రియల్ డగ్ హార్వీ లాంటివాళ్లతో కలిసి, ఆటగాళ్ల సంఘం పెడుతున్నామని న్యూయార్క్‌లో ప్రకటించాడు. వాళ్లు అడిగినవి ఇప్పుడు వింటే ఆశ్చర్యమేస్తుంది, పెన్షన్ లెక్కలు చూపించండి, కనీస జీతం పెట్టండి, అంతే. ఆ సీజన్‌లో లిండ్సే 85 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాసులు కలిపి) సాధించాడు, లీగ్ మొత్తంలో హౌ తర్వాత అతనే, అతని కెరీర్‌లోనే అంత పెద్ద సీజన్ లేదు. అయినా ఆ వేసవిలోనే అట్టడుగున ఉన్న షికాగోకి పంపేశారు. ఆ శీతాకాలానికి అతని పాత డెట్రాయిట్ జట్టే సంఘం నుంచి తప్పుకుంది. అక్కడితో మొదటి ప్రయత్నం కూలిపోయింది. లాకర్ రూమ్‌లో తలూపినవాళ్లు యజమాని పిలిచి అడిగేసరికి వెనక్కి తగ్గారు, వాళ్లని నేను తప్పుపట్టలేను, ఆరే టీములున్న లీగ్‌లో ఇంటికి పంపేస్తే మళ్లీ పొలానికో ఫ్యాక్టరీకో పోవాలి. పదేళ్ల తర్వాత 1967లో సంఘం నిలబడింది. 1966లో లిండ్సేని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు, విందుకి ఆడవాళ్లని రానివ్వరని తెలిసి, నా భార్యాపిల్లలు రాలేని చోటికి నేనూ రానని వెళ్లలేదు. 2010 నుంచి ఆటగాళ్లు తమలో తాము ఓటేసి మేటి ఆటగాడికి ఇచ్చే అవార్డుకి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు దీని పక్కన 2017 అమెరికా ఆడవాళ్ల జట్టుని పెట్టి చూడండి. దేశంలో ఆటని నడిపే సమాఖ్య యూఎస్‌ఏ హాకీ వాళ్లకి ఇచ్చేది ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు, నెలకి వెయ్యి డాలర్లు. అది కూడా నాలుగేళ్లకోసారి. మార్చి 15న ప్రకటించారు, సరైన ఒప్పందం లేకపోతే మిషిగన్‌లోని ప్లిమత్‌లో మార్చి 31న మొదలయ్యే ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడం అని. సొంత దేశంలో టోర్నమెంట్, టికెట్లు అమ్ముకుంటున్నారు, మధ్యలో ఉన్నది పదహారు రోజులు. సమాఖ్య వేరే అమ్మాయిలకి ఫోన్లు చేయడం మొదలెట్టింది, కాలేజీ వాళ్లకి, చిన్న వయసు జట్లలో ఉన్నవాళ్లకి. దేశం తరఫున ఆడమని ఫోన్ వస్తే ఆ వయసు పిల్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి, దానికోసమే కదా చిన్నప్పట్నుంచి తెల్లవారుజామున లేచింది. ఆ పిల్లలు రామన్నారు. ఒకరి తర్వాత ఒకరు రామన్నారు. ఎందుకంటే కెప్టెన్ మేగన్ డగ్గన్, మిగతావాళ్లు ముందే ఒక్కొక్కరితో మాట్లాడి పెట్టుకున్నారు. మార్చి 28న నాలుగేళ్ల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఏప్రిల్ 7న ఫైనల్లో కెనడా మీద ఓవర్‌టైమ్‌లో హిలరీ నైట్ గోల్ కొట్టింది, 3-2. మరుసటి ఏడాది ఒలింపిక్ బంగారం కూడా వాళ్లదే.

లిండ్సేకి లేనిది, వీళ్లకి ఉన్నది ఆ ఫోన్‌కి వచ్చిన "రాను" అన్న జవాబే.

2019లో రెండువందల మందికి పైగా ఆడవాళ్లు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశారు, బతకడానికి సరిపడా ఇచ్చే లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ లీగ్‌లోనూ ఆడమన్నారు. దానికి నాలుగున్నరేళ్లు పట్టింది, 2024 జనవరి 1న ఆడవాళ్ల కొత్త ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొదటి మ్యాచ్ జరిగింది. ఆ మధ్యలో వయసు దాటిపోయి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయినవాళ్లు ఉన్నారు. ఈ దారి ఎంచుకునేవాళ్లు అది కళ్లు తెరుచుకుని చూసి మరీ ఎంచుకోవాలి: ఫలం వస్తుంది, మీ చేతికే వస్తుందని లేదు.

మన దేశంలో కూడా ఇది జరిగింది. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు 32 ఏళ్ల తర్వాత హాకీ బంగారం తెచ్చింది, మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ ఆ జట్టులోనివాడే. కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై మ్యాచ్ ఫీజుల గురించి గట్టిగా మాట్లాడేవాడు. బంగారం తెచ్చిన కొద్దిరోజులకే అతన్నీ, ఇంకొందరు సీనియర్లనీ "విశ్రాంతి" పేరుతో పక్కనపెట్టారు. అదే 2010 జనవరిలో, ఢిల్లీ ప్రపంచ కప్‌కి వారాల ముందు, పుణె శిబిరంలో జట్టు జట్టంతా బకాయిలు ఇచ్చేదాకా ప్రాక్టీస్ చేయం అంది, కొద్దిరోజుల్లోనే పరిష్కారం దొరికింది. అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే, కానీ అందరూ కలిసి అడిగితే పెట్టడం తొందరగా జరుగుతోంది.

మూడో దారి: నా ఒళ్లు, నా మాట

జాక్ ఐకెల్ బఫలో కెప్టెన్. 2021 మార్చిలో మెడలో డిస్క్ జారింది. ఎముకలు కలిపేసే పాత ఆపరేషన్ చేయించుకోమంది టీమ్, కృత్రిమ డిస్క్ వేయించుకుంటానన్నాడు అతను. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎవరూ ఆ ఆపరేషన్ చేయించుకోలేదు, లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం చివరి మాట టీమ్‌దే. మే నెలలో విలేకరుల ముందు, టీమ్‌కీ నాకూ మధ్య పొంతన లేదని బయటపెట్టేశాడు. నెలలు గడిచాయి, ఆపరేషన్ లేదు, ఆట లేదు. సెప్టెంబర్‌లో కెప్టెన్సీ పీకేశారు. నవంబర్ 4న వేగస్‌కి ట్రేడ్ చేశారు, వారం తర్వాత తను కోరుకున్న ఆపరేషనే జరిగింది. 2023లో వేగస్ స్టాన్లీ కప్ గెలిచింది, ఆ ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు, 26, అతనివే.

నాకు బాగా తగిలిన కథ ఇది, కారణం మీకు తెలుసు. అయితే ఒక మాట మర్చిపోకూడదు. ఐకెల్ చేతిలో ఎనిమిదేళ్లకి ఎనిమిది కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఉంది. మైనర్ లీగ్‌లో వారం వారం జీతం చూసుకునే కుర్రాడు అదే మెడతో అదే మాట అంటే ఎనిమిది నెలలు ఎదురుచూసే ఓపిక బ్యాంకు ఖాతాకి ఉండదు. అలాంటివాళ్లు ఈ దారిలో వెళ్లే ముందు రెండో డాక్టర్ అభిప్రాయం కాగితం మీద తీసుకుని, ఏజెంట్‌నో ఆటగాళ్ల సంఘాన్నో ముందు పెట్టుకుని వెళ్లాలి, పత్రికలు తర్వాత. అయినా తల, మెడ, వెన్నెముక విషయంలో నేను బేరం ఒప్పుకోను. అక్కడ ఏం పోయినా చెప్పాల్సిందే.

నాలుగో దారి: ఏళ్ల తర్వాత బయటపెట్టడం

అకీమ్ అలియు నైజీరియాలో పుట్టి, ఉక్రెయిన్‌లో పెరిగి, తర్వాత టొరొంటో చేరినవాడు. 2009-10లో మైనర్ లీగ్ టీమ్ రాక్‌ఫర్డ్‌లో ఆడుతున్నప్పుడు కోచ్ బిల్ పీటర్స్ తనని జాతి పేరుతో తిట్టాడని 2019 నవంబర్ 25న ట్విటర్‌లో రాశాడు. నాలుగు రోజుల్లో పీటర్స్ కాల్గరీ కోచ్ పదవికి రాజీనామా చేశాడు. పదేళ్లు ఎందుకు ఆగాడని అడిగినవాళ్లున్నారు. అలియు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది మొత్తం ఏడు మ్యాచ్‌లు. ఇరవై ఏళ్ల వయసులో, అప్పుడే చెప్పి ఉంటే ఆ ఏడు కూడా దక్కేవని ఎవరైనా హామీ ఇవ్వగలరా? మరుసటి ఏడాది జూన్‌లో అతను, ఇంకొందరు ఆటగాళ్లు కలిసి హాకీ డైవర్సిటీ అలయన్స్ పెట్టారు. ఆగస్టు 1న ఎడ్మంటన్‌లో మినెసోటా ఆటగాడు మ్యాట్ డంబా మంచు మధ్యలో మైకు పట్టుకుని జాతి వివక్ష గురించి మాట్లాడి, అమెరికా జాతీయ గీతానికి మోకాలి మీద కూర్చున్నాడు. ఒక్కడి ట్వీట్ తొమ్మిది నెలల్లో అక్కడిదాకా వచ్చింది.

కైల్ బీచ్ కథ రాయడం నాకు కష్టంగా ఉంది. లీగ్ టీములు కొత్త ఆటగాళ్లని పంచుకునే డ్రాఫ్ట్‌లో, 2008లో, మొత్తం మీద పదకొండో ఎంపికగా షికాగో తీసుకుంది. 2010లో ఆ జట్టు వీడియో కోచ్ తనమీద లైంగిక దాడి చేశాడని అప్పుడే లోపల చెప్పాడు. కప్ ఫైనల్ దగ్గర్లో ఉంది, టీమ్ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కప్ అయ్యేదాకా పక్కనపెట్టారు. ఆ కోచ్‌ని గుట్టుగా పంపించేశారు, తర్వాత అతను మిషిగన్‌లో ఒక హైస్కూలు పిల్లాడి మీద నేరానికి జైలుకెళ్లాడు. 2021 అక్టోబర్‌లో విచారణ నివేదిక వచ్చింది, మర్నాడు బీచ్ టీవీలో తన పేరు తనే చెప్పుకున్నాడు, ఏడుస్తూ, ఆ పిల్లాడికి క్షమాపణ చెప్పాడు. క్షమాపణ చెప్పాల్సింది అతను కాదు. షికాగో జనరల్ మేనేజర్ రాజీనామా చేశాడు, అప్పటి కోచ్ క్వెన్‌విల్ తన కొత్త టీమ్‌ని వదలాల్సి వచ్చింది, క్లబ్‌కి ఇరవై లక్షల డాలర్ల జరిమానా పడింది. బీచ్ మాత్రం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఊరుకోవడం కూడా ఒక దారే కదా

అవును, చాలామంది ఎంచుకునేది అదే. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని మా నానమ్మ అనేది. ఐస్‌టైమ్ తక్కువ ఇచ్చారనో, కోచ్ అరిచాడనో ప్రతిదానికీ వీధికెక్కక్కర్లేదు, అవి ఊరుకుంటేనే మంచిది, వారం పోతే మీకే గుర్తుండవు. కానీ పైన షికాగోలో జరిగింది కూడా ఊరుకోవడమే. ఆ ఖరీదు ఊరుకున్నవాళ్లు కట్టలేదు, మిషిగన్‌లో ఒక పిల్లాడు కట్టాడు.

| దారి | ఫలితం ఎప్పుడు | ఏం పోవచ్చు | మేలు ఎవరికి |
|---|---|---|---|
| ఒంటరిగా | వెంటనే, అటో ఇటో | టీమ్, ఊరు | ఎక్కువగా మీకే |
| అందరూ కలిసి | టోర్నమెంట్ ముందైతే రోజుల్లో, లేకపోతే ఏళ్లు | మొదట నిలబడినవాడి చోటు | వెనక వచ్చేవాళ్లకి |
| ఒంటి కోసం | నెలలు | కెప్టెన్సీ, ఒక సీజన్ | ముందు మీకు, తర్వాత అదే దెబ్బ తగిలినవాళ్లకి |
| ఏళ్ల తర్వాత | చెప్పాక రోజుల్లోనే | అప్పటికే పోయి ఉంటుంది | మీరు ఎప్పుడూ చూడని పిల్లలకి |

మరి ఎవరికి ఏది

స్టార్ ఆటగాడైతే, చేతిలో పెద్ద కాంట్రాక్ట్ ఉంటే, ఒంటరిగా మాట్లాడండి, ఇంకా చెప్పాలంటే మీరే ముందు మాట్లాడాలి, మూడో లైన్ కుర్రాడిచేత మాట్లాడించకండి. డంబా పక్కన ఆ రోజు ఎడ్మంటన్, షికాగో ఆటగాళ్లు గుండ్రంగా నిలబడ్డారు, మోకాలి మీద మాత్రం అతనొక్కడే. ఇద్దరు పెద్ద పేరున్నవాళ్లు కూడా దిగి ఉంటే ఆ ఫొటో ఇంకోలా ఉండేది.

జూనియర్, కాలేజీ, మైనర్ లీగ్ పిల్లలు డబ్బు, సౌకర్యాల గొడవైతే ఒంటరిగా అస్సలు వెళ్లొద్దు, కనీసం జట్టులో సగంమందితో ముందు విడివిడిగా మాట్లాడి, ఆ తర్వాతే కలిసి వెళ్లండి. గాయం, వేధింపు, దాడి అయితే ఎవరికోసమూ ఆగొద్దు. ఆ రోజే తేదీ, సమయం, పక్కన ఎవరున్నారు, ఏం మాటలన్నారు అన్నీ రాసిపెట్టుకుని, టీమ్‌తో సంబంధం లేని ఒక పెద్దమనిషికి చెప్పండి. టీమ్ లోపలివాళ్లకి మాత్రమే చెప్తే ఏమవుతుందో 2010 షికాగో చూపించింది.

ఆట మానేసినవాళ్లకి నేను అడిగేది ఒకటే, మీకిప్పుడు పోయేది తక్కువ, తెలిసింది ఎక్కువ, చెప్పండి. తల్లిదండ్రుల విషయానికొస్తే, వీసా, గ్రీన్‌కార్డు, పరాయి దేశం, మనమెందుకు తలదూర్చడం అని మనవాళ్లు వెనకాడతారు, నేనూ ఏళ్లపాటు అలాగే ఉన్నాను. పిల్లాడి తల దెబ్బ గురించి కోచ్‌ని ప్రశ్నించడానికి ఏ వీసా అడ్డు రాదు.

నేను ఆ శనివారం చేసింది మొదటి దారి, ఒంటరిగా, ముఖం మీదే. పిల్లాడి తల దక్కింది, చోటు పోయింది. ఈ సీజన్ మొదలయ్యే ముందు అయిదు ఇళ్లవాళ్లం మా డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్నాం, అందులో ఇద్దరు తెలుగువాళ్లం, ఒక గుజరాతీ కుటుంబం, ఇద్దరు ఇక్కడివాళ్లు. టీ చల్లారిపోయేదాకా వాదించుకుని ఒక పేజీ రాశాం: తలకి దెబ్బ తగిలిన పిల్లాణ్ణి డాక్టర్ చీటీ లేకుండా మంచు మీదకి పంపకూడదు, ఆ కారణంతో లైన్ మార్చకూడదు. అయిదు సంతకాలతో క్లబ్‌కి ఇచ్చాం. మొదటి వాక్యం వెంటనే ఒప్పుకున్నారు, రెండోది ఆలోచిస్తామన్నారు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. పోయిన మంగళవారం ప్రాక్టీస్ మధ్యలో మా వాడి పక్కన ఆడే గోపీ, ఆ గుజరాతీ వాళ్ల అబ్బాయి, బోర్డుల దగ్గర పడి లేచి, కోచ్ ఏమీ అడక్కముందే గ్లోవ్ తీసి చెయ్యెత్తాడట, తల తిరుగుతోందని. మా వాడు కారెక్కగానే నాకు చెప్పిన మొదటి మాట అదే.